ఒక సైజు తక్కువ

నేను ఒక బూటును. అదీ ఒంటి బూటును, ఎడమకాలిది. నా జంట ఏ చెత్తకుప్పలో కుళ్లుతోందో నాకు తెలియదు. నన్ను మాత్రం స్కాట్లాండులో, తూర్పు సముద్రం ఒడ్డున ఉన్న కిల్‌బ్రే అనే చేపల ఊళ్లో, ఫుట్‌బాల్ క్లబ్బు వాళ్ల భోజనాల గదిలో గాజుపెట్టెలో పెట్టారు. పైన ఒక చిన్న దీపం కూడా బిగించారు. శనివారం ఆట చూడటానికి వచ్చినవాళ్లు చేతిలో మాంసం కూరిన రొట్టె పట్టుకుని నా ముందు నిలబడ్డారు. నా కింద ఉన్న చీటీ చదివారు. "అయ్యో పాపం" అన్నారు. మూతికంటిన జిడ్డు తుడుచుకుని వెళ్లిపోయారు. ఆ అయ్యోపాపం వింటే నాకు ఒళ్లు మండింది.

ఆ చీటీ మీద ఇలా ఉంది: "లాక్లన్ రెన్నీ. ఈ బూటుతోనే కప్పు పోటీలో చరిత్రలో నిలిచిపోయే గోల్ కొట్టాడు. దురదృష్టవశాత్తూ గాయపడి ఆటకు దూరమయ్యాడు." దురదృష్టమట! ఎంత సులువైన మాట. మనుషులు తాము చేసిన పనికి తమ పేరు పెట్టడానికి సిగ్గుపడితే, పెట్టుకోవడానికి ఈ పేరొకటి సిద్ధంగా ఉంటుంది. ఆ కుర్రాడి పాదం ఎనిమిది నెలలు నా కడుపులో ఉంది. అక్కడ ఏం జరిగిందో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. నిమ్మళంగా చెప్పమంటే నా వల్ల కాదు. వినేవాళ్లు వినండి.

నా మీద కంపెనీ గుర్తు చూసి అందరూ నేను ఏ ఐరోపాలోనో పుట్టాననుకుంటారు. నేను పుట్టింది తడ దగ్గర, పులికాట్ సరస్సు ఉప్పుగాలి తగిలే ఒక పెద్ద రేకుల షెడ్డులో. అందుకే నాది తెలుగు మాట. ఇన్నేళ్లు చలిదేశంలో ఉన్నా అది మారలేదు. ఒకామె తోలు కోస్తే ఇంకొకామె కుడుతుంది, మరొకామె జిగురు పూస్తుంది, వేరొకతను అడుగున, నేలను పట్టి ఉంచే మేకులు బిగించే గుంటలు దింపుతాడు. ఇన్ని చేతులు తిరిగి చివరికి చెంగమ్మ బల్ల మీదికి వచ్చాను. ఆమె సూళ్లూరుపేట అవతల నుంచి తెల్లవారక ముందే కంపెనీ బస్సెక్కి వచ్చే మనిషి. రబ్బరు చెప్పులతో ఎనిమిది గంటలు నిలబడి పనిచేస్తుంది. ఆమె మడమలు ఎండాకాలపు చెరువులా పగిలి ఉంటాయి. పూటకు కొన్ని వందల బూట్లు ఆమె చేతి మీదుగా పోతాయి గానీ, ఫుట్‌బాల్ ఆట ఎలా ఉంటుందో ఆమె ఎన్నడూ చూసి ఎరగదు.

ఆమె పని ఒకటే. బూటు లోపలికి చెయ్యి పోనిచ్చి, వేళ్లతో తడిమి, ఎక్కడైనా దారపు ముడో, జిగురు బొబ్బో తగిలితే తీసేయడం. లోపల ఏ చిన్నది మిగిలినా, వేసుకున్నవాడిని చెప్పు కరుస్తుంది కదా. ఆ రోజు పక్క బల్ల దగ్గరున్నామెతో తన కొడుకు సంగతి చెబుతోంది. బడి తెరిచారు, బూట్లు కొనాలి, ఎప్పుడూ ఒక సైజు పెద్దవే కొంటుంది, ముందు వేళ్ల దగ్గర పాతగుడ్డ కుక్కితే రెండేళ్లు వస్తాయి. చెబుతూనే నా లోపల తడిమింది. నా నాలుక వెనక్కి తిప్పి, దాని మీద కుట్టిన 7 అనే అంకె చూసింది. చూసి, పసిపిల్లను ఊరికి పంపేటప్పుడు చెప్పినట్టు చెప్పింది.

"ఏ దేశం పోతావో ఏందో. ఎవుర్నీ కరవబాకమ్మా."

నా పుట్టుకలో నాకు దక్కిన దీవెన అదొక్కటే. దాన్ని నేను నిలబెట్టుకోలేకపోయాను. ఎవరి మీద ఎంత కోపమున్నా ఈ ఒక్కమాట నా మీద నాకే ముల్లులా గుచ్చుకుంటుంది.

ఓడలో నెలరోజులు చీకట్లో ప్రయాణం చేసి కిల్‌బ్రే చేరాను. పెట్టె విప్పినవాడు ఆర్చీ. నలభై ఏళ్లుగా ఆ క్లబ్బులో ఆటగాళ్ల బట్టలు ఉతికి, బూట్లు చూసుకునే ముసలాయన. నోట్లో నాలుక లేని మనిషి. అతని గది గోడకు ఒక కాగితం గుచ్చి ఉండేది. ఎవరికి ఏ సైజు బూట్లు తెప్పించాలో రాసిన జాబితా. లాక్లన్ రెన్నీ పేరు ఎదురుగా ఆర్చీ గుండ్రటి అక్షరాలతో 8 అని రాసి ఉంది. దాన్ని ఎర్ర ఇంకుతో కొట్టేసి, ఎవరో పక్కన 7 అని వేశారు. నన్ను తెప్పించింది ఆ ఎర్ర అంకె.

ఇక్కడ మీకు ఆ ఆటవాళ్ల ఆచారం ఒకటి చెప్పాలి. మీరు నమ్మరు, అయినా చెబుతాను. చెంగమ్మ లాంటి తల్లి ఒక సైజు పెద్ద బూటు కొంటుంది, పిల్లాడి కాలు పెరుగుతుందని. ఈ వృత్తి ఆటగాళ్లు ఒక సైజు చిన్న బూటు వేసుకుంటారు, బంతి మాట వింటుందని. కాలికీ తోలుకీ మధ్య గాలి చొరబడే సందు కూడా ఉండకూడదట. కాలు అందులో ఎలా పడుతుందంటే దానికీ ఒక తంతు ఉంది. కొత్త బూటు తొడుక్కుని వేడినీళ్ల బకెట్లో కాళ్లు పెట్టుకుని కూర్చోవాలి. తోలు మెత్తబడ్డాక తీయకుండా, తడి ఆరేదాకా ఆ బూట్లతోనే అటూ ఇటూ తిరగాలి. దాన్ని ఆర్చీ గదిలో పెళ్లి అంటారు. కొత్త బూటు వచ్చిన ప్రతిసారీ కుర్రాళ్లు బకెట్ చుట్టూ చేరి నవ్వుకుంటూ "ఇవాళ ఎవడి పెళ్లి" అని అడుగుతారు. తోలు సాగుతుంది, నిజమే. ఎముక మాత్రం సాగదు. ఈ చిన్నమాట అంత తెలివిగలవాళ్లలో ఒక్కడికీ తట్టలేదు.

ఎర్ర అంకె వేసింది మేనేజర్ డూగల్ మన్రో. ఒకప్పుడు అదే క్లబ్బులో అంచున పరిగెత్తే ఆటగాడు. ఇప్పుడు కొంచెం కుంటుతాడు. ఆ కుంటును ఊరు పతకంలా చూస్తుంది. ఒకరోజు వానలో తడిసి వచ్చి, ఆర్చీ గదిలో మేజోళ్లు విప్పి పిండుకుంటుంటే అతని పాదాలు చూశాను. వేళ్లు ఒకదాని మీదికి ఒకటి ఎక్కి, ముడుచుకుపోయి ఉన్నాయి. చిటికెన వేలికి గోరే లేదు. ఇంత చేసిన ఆచారాన్ని తన తర్వాతివాళ్లకు వద్దనాలి కదా, మనిషన్నవాడు. మన్రో దాన్నే విద్య అనుకున్నాడు. తాను పడ్డాడు గనక పక్కవాడూ పడాలి, పడితేనే మగాడు. ఈ లెక్క మనుషులకు ఎవరు నేర్పారో గానీ, వాళ్ల నోట్లో మన్ను కొట్టాలి.

లాక్లన్‌కు అప్పుడు పంతొమ్మిదేళ్లు. ఇంట్లో లాకీ అంటారు. ఎర్రజుట్టు, సన్నటి ఒళ్లు, సిగ్గు పడితే ముందు చెవులు ఎర్రబడతాయి. తండ్రి చిన్నప్పుడే వదిలి పోయాడు. తల్లి మోయిరా ఓడరేవు పక్కన చేపల షెడ్డులో చేపలు కోసి, ముళ్లు తీసే పని చేస్తూ పెంచింది. ఆ పెంపకమో ఏమో, కుర్రాడికి మర్యాద ఎక్కువ. మేనేజర్ గది తలుపు బార్లా తెరిచి ఉన్నా మూడుసార్లు కొట్టి, రమ్మనేదాకా గుమ్మం బయటే నిలబడేవాడు. ఎవరి కాలు తను తొక్కినా సారీ, తన కాలు ఎవరు తొక్కినా సారీ. పదిహేడో ఏట వృత్తి ఆటగాడిగా సంతకం పెట్టాడు. ఆ ఒప్పందం వచ్చే మే నెలతో ముగుస్తుంది. మళ్లీ ఒప్పందం వస్తే ఆటగాడు, రాకపోతే చేపల షెడ్డు. అతని బతుకంతా ఆ మే నెల మీద వేలాడుతూ ఉండేది.

నా పెళ్లి కూడా బకెట్లోనే అయింది. మొదటిసారి ఆ పాదం నాలోకి దిగుతుంటే నాకు ఊపిరాడలేదు. వేళ్లు ముందుకి వచ్చి, ఇక చోటు లేక, వెనక్కి మడుచుకున్నాయి. మన్రో వచ్చి వంగి నా ముందుభాగం నొక్కి చూశాడు. ఎక్కడా సందు లేదు. తృప్తిగా తలాడించాడు. కుర్రాడు "బాగుంది బాస్" అన్నాడు. బాగుండటం ఏమిటి, కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

అబద్ధం చెప్పను, ఆ తర్వాతి నెలలు నాకు మంచి రోజులు. ఆ కుర్రాడు పరిగెత్తుతుంటే నేను కంపెనీ సరుకునన్న సంగతి మరిచిపోయేదాన్ని. ఎడమ అంచు మీద, తెల్లగీత పక్కన, ఒక్కోసారి గీత అవతల, సముద్రపు గాలికి ఎదురుగా వెళ్లేవాడు. బంతి నా చెంపకు ఆనుకుని వచ్చేది. నవంబరులో కప్పు పోటీ, అడ్డంగా కొట్టే వాన, పెద్ద నగరం నుంచి వచ్చిన పెద్ద క్లబ్బు ఎదురుగా ఉంది. ఇద్దరిని దాటి, మూడోవాడిని కాళ్ల సందులోంచి మోసం చేసి, నా లోపలి అంచుతో మెలితిప్పి కొట్టాడు. బంతి గోల్ వలలో దూరపు మూలన పడింది. స్టాండులో మోయిరా చేపల షెడ్డు కోటుతోనే ఉంది, పని మధ్యలో వచ్చేసింది. పక్కన ఎవరున్నారో చూడకుండా కౌగిలించుకుంది. ఊరంతా ఆ కుర్రాణ్ని నెత్తిన పెట్టుకుంది. ఆ రోజు చెంగమ్మ అక్కడుంటే బాగుండుననిపించింది నాకు.

డిసెంబరు నుంచి నొప్పి మొదలైంది. చిటికెన వేలి వెనక, పాదం బయటి అంచున ఒక పొడుగాటి సన్న ఎముక ఉంటుంది. సరిగ్గా నేను గట్టిగా పట్టుకునేది అక్కడే. నేను పట్టి ఉంచినంతసేపూ ఆ ఎముక మీద బరువు పక్కదారిన పడేది. అడుగు వేసిన ప్రతిసారీ లోపల ఒక చిన్న జివ్వుమనే కదలిక. అది నాకు తగిలేది. నేను వదులవుదామనుకునేదాన్ని, కానీ బూటు తనంతట తాను వదులు కాలేదు. లాకీ రహస్యంగా నా తాళ్లు పైన రెండు కన్నాలు వదిలేసి కట్టుకునేవాడు. అది చూసి మన్రో మైదానంలోనే, అందరి ముందూ, వంగి తన చేత్తో తాళ్లు బిగించి కట్టాడు. కుర్రాడు సారీ చెప్పాడు.

ఎవరితోనూ చెప్పలేదు. మే దగ్గర పడుతోంది, ఆట తప్పితే పేరు జట్టు జాబితాలోంచి పోతుంది. చివరికి ఫిబ్రవరిలో మెట్లు దిగలేక, క్లబ్బులో ఆటగాళ్ల గాయాలు చూసే ఫిజియో దగ్గరికి వెళ్లాడు. ఫిజియో మంగళవారం స్కాన్ తీయించాడు. గురువారం దాని కాగితం వచ్చింది.

ఆ గురువారం నేను మన్రో బల్ల మీదే ఉన్నాను. నేల బురదగా ఉందని పొడుగు మేకులు వేయించమని ఆర్చీని పిలిపించాడు. ఆర్చీ నన్ను బల్ల మీద బోర్లించి, చేతిలో తాళంచెవి లాంటి పనిముట్టుతో ఒక్కొక్క మేకూ తిప్పుతున్నాడు. ఫిజియో కాగితం పట్టుకుని వచ్చాడు. బయటి ఎముక మీద గీత కనబడుతోందన్నాడు. ఇంకా విరగలేదు, ఆరు వారాలు పాదం మీద బరువు పడకపోతే దానంతట అదే అతుక్కుంటుందన్నాడు. ఆడితే మాత్రం తన పూచీ లేదన్నాడు. మన్రో కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. శనివారం ఆట చూడటానికి ఇంగ్లండు నుంచి ఒక క్లబ్బు మనిషి వస్తున్నాడు, కుర్రాణ్ని చూడటానికే. అతను కుర్రాణ్ని కొంటే వచ్చే డబ్బుతో కిల్‌బ్రే క్లబ్బు మూడేళ్లు గట్టెక్కుతుంది, మన్రో కుర్చీ కూడా గట్టెక్కుతుంది.

"శనివారం అయ్యాక చెబుదాం. ఈలోగా వాపు అని చెప్పు, చాలు" అన్నాడు మన్రో.

ఫిజియో చేతిలోని కాగితం బల్ల మీద పెట్టాడు. తర్వాత సరేనన్నాడు. మన్రో కాగితం సొరుగులో పెట్టి మూశాడు. ఆర్చీ చివరి మేకు బిగించి, నన్ను చేతిలోకి తీసుకుని, కిమ్మనకుండా గది బయటికి నడిచాడు. ముగ్గురు పెద్దమనుషులు. ముగ్గురికీ పిల్లలున్నారు. ముగ్గురిలో ఒక్కడు నోరు తెరిస్తే చాలు, ఒక్కడు! నోరు లేని నేను ఆ గదిలో అరిచినంతగా నా బతుకులో ఇంకెప్పుడూ అరవలేదు. మేకులు బిగించిన చోట తోలు కిర్రుమంది. ఆర్చీ కొత్త మేకులు కదా అనుకున్నాడేమో.

శనివారం ఆటకు ముందు ఫిజియో పాదానికి సూది వేశాడు. వాపు తెలియకుండా ఉండటానికి అన్నాడు. నాలోకి దిగిన పాదం ఆ రోజు పాదంలా లేదు, మొద్దులా ఉంది. నొప్పి అనేది కాలు ఇంటివాడికి చెప్పే మాట. ఆ మాటే చెప్పకుండా కాలి నోరు నొక్కేశారు. ఏమీ తెలియని కుర్రాడు మొదటి సగంలో ఎగిరెగిరి ఆడాడు. ఇంగ్లండు మనిషి స్టాండులో ఏదో రాసుకుంటున్నాడని ఎవరో చెబితే చెవులు ఎర్రబడ్డాయి.

అరవై మూడో నిమిషం. గీత మీద బంతి అందుకుని, లోపలికి తిరగడానికి ఎడమకాలు నేలలో గుచ్చాడు. కొత్త పొడుగు మేకులు బురదను గట్టిగా పట్టుకున్నాయి. నేనూ గట్టిగా పట్టుకున్నాను, అంతే తెలుసు నాకు. ఒళ్లు తిరిగింది, పాదం తిరగలేదు. పచ్చికొమ్మ విరిచినట్టు ఒక చప్పుడు. స్టాండులో ఎవరికీ వినపడలేదు. నాకు వినపడింది, అతనికి వినపడింది.

స్ట్రెచర్ మీద తీసుకుపోతుంటే మన్రో పక్కన నడిచాడు. కుర్రాడు ముఖం పాలిపోయి, పళ్లు కొట్టుకుంటూ, అతని చెయ్యి పట్టుకున్నాడు.

"సారీ బాస్. నిజంగా సారీ."

ఇదీ నేను చచ్చేదాకా మరిచిపోలేనిది. విరిచినవాడికి విరిగినవాడు క్షమాపణ చెప్పాడు. మన్రో ఏమన్నాడో తెలుసా? పరవాలేదులే అన్నాడు. పరవాలేదట! పెద్దమనసుతో క్షమించాడు.

గదిలో బల్ల మీద పడుకోబెట్టి, పాదం అప్పటికే ఉబ్బిపోయి నన్ను తీయలేక, ఫిజియో కత్తెర తీసుకుని నన్ను మెడ నుంచి వేళ్ల దాకా నిలువునా కోశాడు. నాకు నొప్పి లేదు. హాయిగా అనిపించింది. ఆ పాదానికి మొదటిసారి చోటు దొరికింది. ఆర్చీ నన్ను నేల మీద నుంచి తీసి తువ్వాలులో చుట్టి తన బీరువాలో దాచాడు. ఎందుకు దాచాడో ఆయనకే తెలియాలి.

తర్వాత సంగతులు బీరువాలో ఉండి విన్నవే. ఆపరేషన్ చేసి ఎముకలో మేకు బిగించారు. అది సరిగ్గా అతకలేదు, మళ్లీ చేశారు. ఇంగ్లండు మనిషి మళ్లీ రాలేదు. మే వచ్చింది. కుర్రాడు కర్రల మీద వచ్చి తలుపు మూడుసార్లు కొట్టాడు. లోపలికి వెళ్లి, పెద్దసేపేమీ పట్టకుండానే బయటికి వచ్చాడు. ఆర్చీ గదిలోకి వచ్చి తన సామాను సంచిలో వేసుకుంటూ, మేనేజర్ చాలా బాగా మాట్లాడారని చెప్పాడు. తన ఎముకలు పుట్టుకతోనే గట్టివి కావట, ఆటకు పనికొచ్చే శరీరం కాదట, ఇందులో ఎవరి తప్పూ లేదట. ఇన్నాళ్లూ ఇబ్బంది పెట్టినందుకు ఆర్చీకి కూడా సారీ చెప్పి వెళ్లాడు. ఆర్చీ తలుపు మూసి, బట్టలుతికే యంత్రం తిప్పాడు. నోరు అప్పుడూ తెరవలేదు.

రెండేళ్లు గడిచాయి. లాకీ చేపల షెడ్డులో పెట్టెలు మోసే బండి నడుపుతున్నాడని విన్నాను. ఆట చూడటానికి కూడా రాడు. ఊళ్లో ఎవరైనా ఆ గోల్ సంగతి ఎత్తితే తన ఎముకలు బలహీనమని నవ్వుతూ తనే చెబుతాడట. అతనికి కోపం రాలేదు. అదే నా కడుపుమంట. రావలసినవాడికి రాని కోపాన్ని నేను మోశాను. ఒక తోలు బూటు ఎంతకని మోస్తుంది?

క్లబ్బు వాళ్లకు ఆ గోల్ గుర్తుగా ఏదైనా పెట్టాలనిపించింది. ఆర్చీ బీరువాలోంచి నన్ను తీసి ఇచ్చాడు. అతనే కూర్చుని కోసిన చోట పెద్ద సూదితో కుట్టాడు. చూస్తే గాయం కనబడకూడదన్నారు మరి. గాజుపెట్టె తెరిచే రోజు మన్రో ఉపన్యాసం ఇచ్చాడు. దురదృష్టం అనే మాట మూడుసార్లు వాడాడు. లాకీని పిలిచారు, రాలేదు. మోయిరా ఒక్కతే వచ్చి వెనక వరసలో నిలబడింది. కేకు ముక్కలు తిని అందరూ మైదానంలోకి వెళ్లిపోయాక ఆర్చీ దగ్గరికి వచ్చి, ఒక్కసారి ముట్టుకోవచ్చా అని అడిగింది. ఆర్చీ తాళం తీశాడు.

ఆమె నన్ను చేతిలోకి తీసుకుంది. చల్లటి చేపల వల్ల వేళ్లు ఎర్రగా పగిలి ఉన్నాయి. ఆ చేతిని నా లోపలికి పోనిచ్చి తడిమింది. చెంగమ్మ తరువాత అలా తడిమిన చెయ్యి అదే. కొడుకు పాదం ఆనిన చోటల్లా వేళ్లతో వెతుక్కుంది. తర్వాత నా నాలుక వెనక్కి తిప్పి, దీపం దగ్గరికి పట్టి చూసింది.

"ఇది మావాడి బూటు కాదు ఆర్చీ. మీరు ఎవరిదో తెచ్చి పెట్టారు."

ఆర్చీ తల అడ్డంగా ఊపాడు.

"వాడిది ఎనిమిది. చిన్నప్పటి నుంచి వాడి బూట్లన్నీ నేనే కొన్నాను, ఒక సైజు పెద్దవి కొని ముందు కాగితాలు కుక్కేదాన్ని. సంతకం పెట్టిన రోజు వేసుకున్న నల్లబూట్లు కూడా నేనే కొన్నాను. ఎనిమిది. దీనిమీద ఏడు ఉంది."

"వాడిదే, మోయిరా" అన్నాడు ఆర్చీ. ఆ తర్వాత ఆయన నోరు తెరిచాడు. రెండేళ్లు ఆలస్యంగా, గాజుపెట్టె పక్కన నిలబడి అంతా చెప్పాడు. ఎర్ర అంకె, బకెట్, సొరుగులో పెట్టిన కాగితం, గురువారం. చెబుతుంటే ఆమె నన్ను రెండు చేతులతో పట్టుకునే ఉంది. ఏడుస్తుందేమోనని ఆర్చీ కుర్చీ లాగాడు. ఆమె కూర్చోలేదు, ఏడవలేదు. నన్ను పెట్టెలో పెట్టి, ఇన్నాళ్లూ నువ్వు ఎలా అన్నం తిన్నావని మాత్రం అడిగి వెళ్లిపోయింది. ఆర్చీ పెట్టెకు తాళం వేశాడు.

మంగళవారం పొద్దున లాకీ వచ్చాడు. షెడ్డులోంచి నేరుగా వచ్చినట్టున్నాడు, కాళ్లకు రబ్బరు బూట్లు, ఒంటినిండా చేపల వాసన. మనిషి కొంచెం లావెక్కాడు. నడుస్తుంటే ఎడమపాదం బయటి అంచు నేలకు ఆనకుండా జాగ్రత్తపడుతున్నాడు. ఆర్చీ తాళంచెవి అతని చేతిలో పెట్టాడు. కుర్రాడు చీటీ చదివాడు. రెండోసారి చదివాడు. పెట్టె తెరిచి నన్ను బయటికి తీశాడు. రబ్బరు బూటు విప్పి, మేజోడు కూడా విప్పి, నన్ను నేల మీద పెట్టి తన పాదం నా పక్కన ఆనించాడు. పాదం పక్కన గుండ్రంగా ఉబ్బిన మచ్చ ఉంది. వేళ్లు నన్ను దాటి ముందుకు వెళ్లాయి. బొటనవేలి గోరు మేర నన్ను దాటాయి. ఏడనీ ఎనిమిదనీ అంకెలు అతనికి ముందే తెలుసు, ఆటగాళ్లందరికీ తెలుసు. కానీ రెండింటినీ ఇలా పక్కపక్కన పెట్టి చూడటం అతనికి అదే మొదటిసారి.

"గురువారమే తెలుసా?" అని అడిగాడు.

"తెలుసు" అన్నాడు ఆర్చీ.

"విరగలేదు. అప్పటికి."

"లేదు. ఆరు వారాలు చాలన్నారు."

కుర్రాడి నోరు తెరుచుకుంది. నాకు భయం వేసింది. అలవాటైన ఆ మాటే వస్తుందనుకున్నాను, సారీ అంటాడనుకున్నాను, ఆర్చీని బాధపెట్టినందుకైనా సారీ అంటాడనుకున్నాను. నోరు మూసుకుంది. మెడ మీద నుంచి ఎరుపు మెల్లగా పైకి పాకి చెవులకు చేరింది. ఆ ఎరుపు నాకు బాగా తెలుసు, సిగ్గు పడినప్పుడు వచ్చేదే. కానీ ఈసారి అక్కడ ఆగలేదు. ముఖమంతా ఎక్కింది, కళ్లలోకి ఎక్కింది. నన్ను మెడ దగ్గర పట్టుకున్న వేళ్లు బిగుసుకుని, ఆర్చీ వేసిన కుట్లలో రెండు పుటుక్కుమన్నాయి. కింద ఉన్న చీటీని రెండో చేత్తో పీకి జేబులో వేసుకున్నాడు.

ఒక కాలికి బూటుతో, ఒక కాలు వట్టిదిగా, చేతిలో నన్ను పట్టుకుని నడవా వెంట నడిచాడు. కుంటుతూనే నడిచాడు గానీ ఎక్కడా ఆగలేదు. గోడల మీద పాత జట్ల ఫోటోలు ఒక్కొక్కటీ వెనక్కి పోతున్నాయి. నడవా చివర మన్రో గది తలుపు మూసి ఉంది. లోపల అతను ఫోనులో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. ఆ గదిలో ఆ బల్ల ఉంది, ఆ బల్లకు సొరుగు ఉంది. ఇన్నేళ్లుగా నేను మోసిన బరువు నా తోలులోంచి అతని చేతిలోకి దిగిపోతున్నట్టు అనిపించింది. పుట్టిన తర్వాత నేను అంత తేలికగా ఎప్పుడూ లేను.

తలుపు ముందు నిలబడ్డాడు. ఆ తలుపును అతను మూడుసార్లు కొట్టి, రమ్మనేదాకా బయట ఆగేవాడు. ఈసారి కొట్టలేదు.